వ్యవసాయ పనిముట్ల నమూనాలు: ఏ ఫైలు ఎవరి చేతికి?

వ్యవసాయ ఇంజనీరింగ్ విభాగంలో ఒక కొత్త పనిముట్టు రూపొందినప్పుడు దానిపై వెలువడే పరిశోధన వ్యాసంలో సాధారణంగా ఒక ఛాయాచిత్రం, భాగాల పేర్లతో ఒక రేఖాచిత్రం, ప్రధాన కొలతల పట్టిక, క్షేత్ర పరీక్షల ఫలితాలు ఉంటాయి. గంటకు ఎంత విస్తీర్ణం సాగింది, కలుపు ఎంత శాతం తొలగింది, ఇంధనం ఎంత ఖర్చయింది అన్న ప్రశ్నలకు ఆ వ్యాసం జవాబు చెబుతుంది. ఆ పనిముట్టును తయారు చేయదలచిన మండల కేంద్రంలోని వర్క్‌షాపు యజమానికి మాత్రం దానివల్ల ఒరిగేది తక్కువ. షాఫ్టుకూ బుష్‌కూ మధ్య ఎంత వదులు ఉండాలి, రేకు మందం ఎంత, వంపు ఏ వ్యాసార్థంతో తిప్పాలి, ఏ వెల్డింగు ముందు, ఏది తరువాత అన్నవి అందులో ఉండవు. ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు, పరిశోధన వ్యాసం పని వేరు. చిక్కల్లా ఆ వివరాలు మరెక్కడా దొరకకపోవడమే.

నిజానికి ఆ వివరాలు ఒకప్పుడు ఉంటాయి. ఎం.టెక్. విద్యార్థి కంప్యూటరులో త్రిమితీయ నమూనాగా, కొలతలన్నిటితో సహా ఉంటాయి. విద్యార్థి పట్టా పుచ్చుకొని వెళ్లాక ఆ ఫైలు విభాగంలోని ఏదో ఒక హార్డ్ డిస్కులో మిగిలిపోతుంది. నాలుగైదేళ్ల తరువాత తెరవబోతే సాఫ్ట్‌వేరు లైసెన్సు గడువు ముగిసి ఉంటుంది, లేదా జోడింపు ఫైలు తెరుచుకున్నా దానికి ఆధారమైన విడిభాగాల ఫైళ్లు కనిపించవు. ప్రజాధనంతో రూపొందిన నమూనా ఆ విధంగా ఒక ఛాయాచిత్రంగా కుదించుకుపోతుంది. పనిముట్టు మళ్లీ తయారవుతుందా, మరమ్మతుకు నోచుకుంటుందా, స్థానిక నేలకు, పంటకు తగినట్లు మారుతుందా అన్నవి చాలావరకు ఈ దశలో తీసుకున్న, లేదా తీసుకోకుండా వదిలేసిన, ఒక చిన్న నిర్ణయంపై ఆధారపడి ఉంటాయి. ఆ నిర్ణయం ఫైలు రూపానిది.

అమ్మోనియా ప్రింటు నాటి సౌలభ్యం

ట్రేసింగ్ కాగితం మీద సిరాతో గీసి, అమ్మోనియా ప్రింట్లు తీసి పంపిన రోజుల్లో ఈ ప్రశ్న తలెత్తలేదు. కాగితాన్ని తెరవడానికి సాఫ్ట్‌వేరు అక్కరలేదు. ఫిలిప్పీన్స్‌లోని లాస్ బానోస్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన వ్యవసాయ ఇంజనీరింగ్ విభాగం రూపొందించిన యంత్రాల డ్రాయింగులను తయారీదారులకు ఉచితంగా అందజేసింది. 1970 దశకంలో అక్కడ రూపుదిద్దుకున్న అక్షీయ ప్రవాహ నూర్పిడి యంత్రం ఆ దారిలోనే ఆసియా దేశాలకు పాకింది. థాయిలాండ్‌లో స్థానిక తయారీదారులు ఆ యంత్రాన్ని తమ అవసరానికి పెద్దదిగా మార్చుకున్నారు. తరువాతి కాలంలో అక్కడి కోత యంత్రాల్లో సైతం అదే తరహా నూర్పిడి డ్రమ్ము కుదురుకుంది. డ్రాయింగు అందుకున్నవారికి దాన్ని చదివే వీలుతో పాటు తిరిగి గీసే వీలు కూడా ఉండడం ఇందుకు తోడ్పడిన కారణాల్లో ఒకటి.

కాగితానికి లోపాలు లేకపోలేదు. ప్రతి నకలుకూ స్పష్టత తగ్గేది. కాగితం సాగడం, ముడుచుకోవడం వల్ల స్కేలుతో కొలవడం ప్రమాదకరమయ్యేది. అందుకే డ్రాయింగును కొలవరాదని, రాసిన అంకెనే నమ్మాలని ఇంజనీరింగ్ డ్రాయింగు తరగతిలో మొదటి రోజునే చెబుతారు. కంప్యూటరు ఈ లోపాలను తొలగించింది కానీ కాగితం ఒక్కటే చేసిన పనిని నాలుగైదు ఫైళ్లకు పంచింది. చదవడానికి ఒకటి, కోయడానికి ఒకటి, మార్చడానికి మరొకటి. ఈ పంపకాన్ని గమనించకుండా ఏదో ఒక ఫైలును మాత్రమే పంపినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది.

కాబట్టి ఏ ఫార్మాట్ మంచిది అని అడగడం కన్నా ఆ ఫైలును అందుకునేది ఎవరు అని అడగడం మేలు. డ్రాయింగు చూసి చేత్తో పనిచేసే వెల్డరు, లేత్ కార్మికుడు ఒకరు. ఫైలును నేరుగా యంత్రంలోకి ఎక్కించే లేజర్, ప్లాస్మా కోత కేంద్రం లేదా త్రీడీ ప్రింటరు నిర్వాహకుడు మరొకరు. నమూనాను తన ప్రాంతానికి తగినట్లు సవరించదలచిన మరో పరిశోధన కేంద్రం శాస్త్రవేత్త లేదా విద్యార్థి మూడోవారు. ఒకే ఫైలు ఈ ముగ్గురికీ సరిపోదు.

చదివేవారికి: పి.డి.ఎఫ్.

వెల్డరు ఫోనులోనైనా, కాగితం మీదనైనా చూడగలిగేది పి.డి.ఎఫ్. ఒక్కటే. 1993లో అడోబ్ సంస్థ ప్రవేశపెట్టిన ఈ రూపం 2008లో ఐ.ఎస్.ఓ. 32000 పేరిట అంతర్జాతీయ ప్రమాణమైంది. దీర్ఘకాలం భద్రపరచడానికి ఉద్దేశించిన పి.డి.ఎఫ్./ఎ అనే ఉపరూపం 2005 నుంచే ఉంది. అక్షరాల ఫాంట్లు ఫైలులోనే ఇమిడి ఉండాలన్నది దాని ప్రధాన నియమాల్లో ఒకటి. తెలుగులో సూచనలు రాసే విశ్వవిద్యాలయాలకు ఈ నియమం మరీ ముఖ్యం. యూనికోడ్ కాని పాత డి.టి.పి. ఫాంట్లలో కూర్చిన తెలుగు, ఫాంటు లేని కంప్యూటరులో అర్థం లేని రోమన్ అక్షరాలుగా మారుతుంది. ఫాంటును ఇమిడ్చినా కంటికి తెలుగుగా కనిపిస్తుందే తప్ప వెతికితే దొరకదు, నకలు తీసి మరోచోట పెడితే చెడిపోతుంది. కనుక డ్రాయింగులోని తెలుగు సూచనలను యూనికోడ్‌లోనే రాసి, ఫాంటును ఇమిడ్చి, పి.డి.ఎఫ్./ఎ గా భద్రపరచడం సరైన పద్ధతి. కొన్ని క్యాడ్ సాఫ్ట్‌వేర్లు తెలుగు ఒత్తులను, గుణింతాలను విడగొట్టి చూపుతాయి. అటువంటప్పుడు డ్రాయింగు మీద అంకెలు, గుర్తులు మాత్రమే ఉంచి తెలుగు వివరణను పక్క పుటలో ఇవ్వడం ఉత్తమం.

అచ్చు తీసేటప్పుడు జరిగే పొరపాటు మరింత సాధారణం. ఎ3 పరిమాణంలో గీసిన డ్రాయింగును జిరాక్స్ కేంద్రంలో ఎ4 కాగితానికి సరిపడేలా తీస్తే 100 మి.మీ. గీత 70.7 మి.మీ. అవుతుంది. అంత తేడా ఎవరికైనా తెలుస్తుంది. కాగితం అంచులకు సరిపెట్టే అమరికతో ప్రింటరు 97 శాతానికి తగ్గిస్తే మాత్రం కంటికి తెలియదు. 300 మి.మీ. అట్ట నమూనా 291 మి.మీ. అయి కూర్చుంటుంది, ఆ అట్టను రేకు మీద పెట్టి గీసిన రంధ్రాలు జోడింపులో కలవవు. ప్రతి పుటలోనూ సరిగ్గా 100 మి.మీ. పొడవున్న పరీక్ష గీతను ఉంచి, పని మొదలుపెట్టే ముందు దాన్ని స్కేలుతో కొలవాలని పక్కనే తెలుగులో రాయడం ఖర్చులేని జాగ్రత్త. అసలు పరిమాణపు అట్ట నమూనా అవసరం లేని డ్రాయింగులకు పాత నియమమే చాలు: కొలవవద్దు, అంకె చదవండి.

పుట మూలలో ఉండవలసిన ప్రక్షేప గుర్తును విద్యార్థులు తరచుగా వదిలేస్తారు. భారతదేశంలో ఇంజనీరింగ్ డ్రాయింగు బోధన, భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన ఎస్.పి. 46 ను అనుసరించి, మొదటి కోణ ప్రక్షేపంలో సాగుతుంది. అమెరికాలో మూడవ కోణం వాడుక. విదేశీ డ్రాయింగును ఆధారం చేసుకొని గీసినప్పుడు, లేదా అక్కడి అమరికతోనే వచ్చిన సాఫ్ట్‌వేరులో గీసినప్పుడు, ఆ గుర్తు లేకపోతే ఎడమ పక్క దృశ్యాన్ని కుడి పక్కదిగా చదివే అవకాశం ఉంది. ఫలితంగా ఎడమవైపు బ్రాకెట్టు కుడివైపుదిగా తయారవుతుంది. రెండు వైపులకూ రెండు ఎడమ బ్రాకెట్లు వచ్చాక గానీ సంగతి బయటపడదు.

వాట్సాప్‌లో డ్రాయింగును బొమ్మగా పంపడం గ్రామీణ వర్క్‌షాపులకు అలవాటైన మార్గం. బొమ్మగా పంపినప్పుడు అది కుదించబడి సన్నని గీతలు, చిన్న అంకెలు చెరిగిపోతాయి. 6 కూ 8 కీ తేడా తెలియదు. అదే ఫైలును పత్రంగా పంపితే యథాతథంగా చేరుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు తమ బృందాల్లో ఈ ఒక్క అలవాటు నేర్పినా ఎన్నో కొలతలు దారిలో చెడకుండా చేరతాయి.

కోసే యంత్రానికి: డి.ఎక్స్.ఎఫ్.

జిల్లా కేంద్రాల్లోనూ, పారిశ్రామిక వాడల్లోనూ లేజర్, ప్లాస్మా కోత యంత్రాలు అందుబాటులోకి వచ్చాక రేకు పనుల తీరు మారింది. ఆ యంత్రాలకు అలవాటైన భాష డి.ఎక్స్.ఎఫ్. ఆటోక్యాడ్ తొలి విడుదలతో పాటు 1982లో వచ్చిన ఈ రూపం వివరాలు బహిరంగంగా ప్రచురితమైనందున దాదాపు ప్రతి సాఫ్ట్‌వేరూ దీన్ని చదువుతుంది, రాస్తుంది. దీని తోబుట్టువైన డి.డబ్ల్యు.జి. అలా కాదు. దాని అంతర్నిర్మాణం ఒక సంస్థ సొంతం, కొత్త వెర్షనులో దాచిన ఫైలు పాత సాఫ్ట్‌వేరులో తెరుచుకోదు. పంచుకోవడానికి డి.ఎక్స్.ఎఫ్. నే ఎంచుకోవడం సమంజసం.

అయితే డి.ఎక్స్.ఎఫ్. లో ఏమి పెట్టాలన్నదే అసలు ప్రశ్న. వరి పొలంలో కలుపు తీసే కోనోవీడరును ఉదాహరణగా తీసుకోవచ్చు. 2003 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ పద్ధతి ప్రదర్శనలు మొదలైన తరువాత ఈ పనిముట్టుకు స్థానిక వర్క్‌షాపుల్లో గిరాకీ ఏర్పడింది. దీనిలో ముఖ్యభాగం శంకువు కొన కోసిన ఆకారంలోని రెండు రోటర్లు. పెద్ద అంచు వ్యాసం 150 మి.మీ., చిన్న అంచు వ్యాసం 100 మి.మీ., అక్షం వెంట పొడవు 120 మి.మీ. అనుకుంటే, ఆ శంకువును విప్పి పరచినప్పుడు వచ్చే చదును రేకు విసనకర్ర ఆకారంలో ఉంటుంది. దాని వెలుపలి వ్యాసార్థం 367.7 మి.మీ., లోపలి వ్యాసార్థం 245.2 మి.మీ., కోణం 73.4 డిగ్రీలు. ఈ మూడు అంకెలు తెలియని వర్క్‌షాపులో రేకును కళ్లంచనాతో కోసి, సుత్తితో సరిచేసి, మిగిలిన సందును వెల్డింగుతో పూడ్చుతారు. చదును ఆకారం డి.ఎక్స్.ఎఫ్. గా అందితే ఆ అంచనా పని తప్పుతుంది.

కానీ ఇక్కడ ఫైలు చెప్పని మాట ఒకటి ఉంది. ఆ 150, 100 మి.మీ. కొలతలు రోటరు వెలుపలివా, రేకు మందం మధ్య గీతవా? రేకు 2 మి.మీ. మందమైతే ఈ రెంటికీ చుట్టుకొలతలో తేడా సుమారు 6 మి.మీ. వస్తుంది. వెలుపలి కొలత అనుకొని గీసిన ఆకారాన్ని కోస్తే అంచులు ఆ మేరకు ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. ఫైలు గీతలను మాత్రమే మోస్తుంది, వాటి వెనుక ఉన్న ఉద్దేశాన్ని మోయదు. కనుక ప్రతి డి.ఎక్స్.ఎఫ్. పక్కన లోహం పేరు, మందం, ఎన్ని ముక్కలు, కొలత ఏ ముఖానిది అన్న నాలుగు మాటలు ఫైలు పేరులోనో, జత పత్రంలోనో ఉండవలసిందే.

డి.ఎక్స్.ఎఫ్. లో తరచుగా కనిపించే మరో లోపం ప్రమాణం లేకపోవడం. ఫైలు తలభాగంలో మిల్లీమీటర్లా, అంగుళాలా అని చెప్పే అంకె ఒకటి ఉంటుంది. దాన్ని సున్నాగా వదిలేస్తే ప్రమాణం లేదని అర్థం, కోత కేంద్రంలోని సాఫ్ట్‌వేరు తనకు తోచినదాన్ని తీసుకుంటుంది. కోతకు ఇచ్చే ఫైలులో కొలతల అంకెలు, పేరు పెట్టె, మధ్య గీతలు ఉండరాదు. ఉంటే యంత్రం వాటినీ కోయవలసిన గీతలుగానే భావిస్తుంది. వంచవలసిన గీతలను వేరే పొరలో ఉంచాలి. ప్రతి ఆకారం మూసిన గీతగా ఉండాలి, ఒకే గీత రెండుసార్లు ఉండకూడదు. కోత వెడల్పును లెక్కించి ముందుగానే ఆకారాన్ని పెంచడం కొందరు విద్యార్థులకు అలవాటు. అది యంత్ర నిర్వాహకుడి పని, ఎందుకంటే ఆ వెడల్పు యంత్రాన్ని బట్టి, రేకు మందాన్ని బట్టి మారుతుంది. ఇద్దరూ లెక్కిస్తే తప్పు రెట్టింపవుతుంది.

త్రిమితీయ నమూనా: ఎస్.టి.ఎల్., స్టెప్

త్రీడీ ప్రింటర్లు కళాశాలల్లో అందుబాటులోకి వచ్చాక ఎస్.టి.ఎల్. ఫైలు పంపడం మామూలైంది. 1987లో త్రీడీ సిస్టమ్స్ సంస్థ కోసం రూపొందిన ఈ రూపం ఒక వస్తువు ఉపరితలాన్ని చిన్న చిన్న త్రిభుజాలుగా విడగొట్టి రాస్తుంది. ప్రింటరుకు అది చాలు. ఇంజనీరింగ్ పత్రంగా మాత్రం దానిలో రెండు పెద్ద లోట్లున్నాయి. మొదటిది, కొలమానం ఉండదు. అంగుళాల్లో తయారైన నమూనాను మిల్లీమీటర్లుగా చదివితే వస్తువు 25.4 రెట్లు చిన్నదవుతుంది. రెండవది, వృత్తం ఉండదు, బహుభుజి ఉంటుంది. 25 మి.మీ. రంధ్రాన్ని 24 భుజాలతో రాస్తే ఎదురెదురు భుజాల మధ్య దూరం 24.79 మి.మీ. మాత్రమే. 6205 బేరింగుకు సరిపోయే 25 మి.మీ. షాఫ్టు ఆ రంధ్రంలో దిగదు. భుజాల సంఖ్యను 72 కు పెంచితే తేడా 0.024 మి.మీ. కు తగ్గుతుంది. అప్పటికీ అది వృత్తం కాదు, అక్కడ ఒక రంధ్రం ఉందన్న సంగతి కూడా ఫైలుకు తెలియదు. ప్రింటరు కోసమే అయితే 2015లో వచ్చిన త్రీ ఎం.ఎఫ్. మేలు, అది కొలమానాన్ని తనతో తీసుకువెళుతుంది.

ఏ సాఫ్ట్‌వేరులోనైనా తెరవదగిన ఖచ్చితమైన త్రిమితీయ నమూనాకు స్టెప్ తగినది. ఐ.ఎస్.ఓ. 10303 అనే ఈ ప్రమాణం తొలిభాగాలు 1994లో వెలువడ్డాయి. దీనిలో వృత్తం వృత్తంగానే ఉంటుంది, కొలమానం ఉంటుంది, జోడింపులోని భాగాల పేర్లు, వాటి స్థానాలు ఉంటాయి. ఫైలు సాధారణ పాఠ్య రూపంలో ఉండడం మరో ఆకర్షణ. విమాన పరిశ్రమ దశాబ్దాల పాటు నిలవవలసిన నమూనాల భద్రతకు దీన్నే నమ్ముకోవడం గమనించదగినది. స్టెప్ కన్నా ముందు, 1980లో వచ్చిన ఐ.జి.ఇ.ఎస్. ఇంకా కొన్ని సాఫ్ట్‌వేర్ల జాబితాల్లో కనిపిస్తుంది కానీ ఉపరితలాల మధ్య సందులు మిగిల్చే దాని స్వభావం వల్ల కొత్త పనికి దాన్ని ఎంచుకోవలసిన అవసరం లేదు.

స్టెప్‌లోనూ రానివి ఉన్నాయి. 25 మి.మీ. రంధ్రానికి హెచ్7 టాలరెన్సు, అంటే సున్నా నుంచి 0.021 మి.మీ. వరకు మాత్రమే ఎక్కువ ఉండవచ్చన్న నియమం, పాత స్టెప్ ఫైళ్లలో చేరదు. 2014లో వెలువడిన ఏ.పి. 242 అనే విభాగం ఈ సమాచారాన్ని మోయగలదు. కానీ చిన్న వర్క్‌షాపులు వాడే సాఫ్ట్‌వేర్లు చాలావరకు దాన్ని పట్టించుకోవు. అందువల్ల స్టెప్‌తో పాటు టాలరెన్సులు రాసిన పి.డి.ఎఫ్. డ్రాయింగు తప్పనిసరి. రెంటికీ తేడా వస్తే ఏది ప్రమాణమో కూడా ఒక వాక్యంలో చెప్పాలి.

మార్చేవారికి: మూల ఫైలు

విస్తరణ దృష్టితో చూస్తే అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా తక్కువగా పంచబడేది మూల ఫైలు. ఏటవాలు పళ్లెంతో విత్తనాలు వదిలే విత్తన గొర్రు ఇందుకు మంచి ఉదాహరణ. నేలచక్రం వ్యాసం 400 మి.మీ. అయితే ఒక చుట్టుకు అది 1,257 మి.మీ. నడుస్తుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే పళ్లెం అర చుట్టు తిరిగేలా గొలుసు అమరిక ఉందనుకుంటే, 24 గుంటలున్న పళ్లెం ఆ దూరంలో 12 గింజలు వదులుతుంది. చక్రం జారుడును లెక్కలోకి తీసుకోకపోతే గింజకూ గింజకూ దూరం సుమారు 10.5 సెం.మీ., వేరుశనగకు అది సరిపోతుంది. అదే గొర్రుతో మొక్కజొన్న వేయాలంటే 12 గుంటల పళ్లెం కావాలి, దూరం సుమారు 21 సెం.మీ. అవుతుంది. గుంట వ్యాసం, లోతు గింజ పరిమాణాన్ని బట్టి మారాలి. వేరుశనగలోనే రకాన్ని బట్టి గింజ పరిమాణం మారుతుంది, అదే రకంలో వర్షాధార పంట గింజ ఒక్కో ఏడాది ఒక్కో తీరుగా ఉంటుంది.

ఈ పళ్లెం ఎస్.టి.ఎల్. గా మాత్రమే అందితే గుంటను అర మిల్లీమీటరు పెంచడం కూడా పెద్ద పని. వేల త్రిభుజాల్లో గుంట ఎక్కడుందో ముందు వెతకాలి. స్టెప్ అందితే పని కొంత తేలిక, ఒక్కొక్క గుంటను ఎంచుకొని సవరించవచ్చు. కానీ గుంటల సంఖ్యకూ, వాటి మధ్య కోణానికీ ఉన్న సంబంధం స్టెప్‌లో ఉండదు. నమూనా ఏ క్రమంలో, ఏ నియమాలతో నిర్మితమైందన్న చరిత్రను స్టెప్ భద్రపరచదు. మూల ఫైలులో గుంటల సంఖ్య, గుంట వ్యాసం, లోతు అనే మూడు విలువలు పట్టికలో పేర్లతో ఉంటే వాటిని మార్చగానే పళ్లెం మొత్తం కొత్త రూపు దాల్చుతుంది. కృషి విజ్ఞాన కేంద్రంలోని శాస్త్రవేత్త పది నిమిషాల్లో తన జిల్లా పంటకు తగిన పళ్లెం తయారు చేసుకోగలడు. నమూనాను అందుకున్నవారు దాన్ని వాడేవారుగా మిగలాలా, సహ రూపకర్తలు కావాలా అన్నది ఇక్కడ తేలుతుంది.

మూల ఫైలు ఏ సాఫ్ట్‌వేరుది అన్న ప్రశ్న తప్పదు. ఖరీదైన క్యాడ్ సాఫ్ట్‌వేర్లలో నేర్చుకోవడం విద్యార్థుల ఉపాధికి అవసరమే, దాన్ని కాదనలేము. అయితే వాటి ఫైళ్లు సాధారణంగా వెనుకటి సంవత్సరపు వెర్షనులో తెరుచుకోవు. కొన్నిటిలో విద్యార్థి లైసెన్సుతో చేసిన ఫైలును వాణిజ్య లైసెన్సుతో తెరవడం కుదరదు. అందువల్ల ఆ ఫైలును ఇచ్చినా అవతలివారికి అది ఉపయోగపడకపోవచ్చు. ఫ్రీక్యాడ్, ఓపెన్‌స్కాడ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు పళ్లెం, బ్రాకెట్టు, రోటరు వంటి భాగాలకు ధారాళంగా సరిపోతాయి. ఫ్రీక్యాడ్ ఫైలు నిజానికి ఒక జిప్ పొట్లం, విప్పితే లోపల చదవదగిన పాఠ్యమే ఉంటుంది. ఓపెన్‌స్కాడ్ ఫైలు మొత్తం పాఠ్యమే. మొత్తం యంత్రాన్ని ఖరీదైన సాఫ్ట్‌వేరులో గీసినా, తరచుగా మార్చవలసి వచ్చే రెండు మూడు భాగాలనైనా ఇలాంటి తెరిచిన రూపంలో మళ్లీ గీసి ఇవ్వడం అసాధ్యం కాదు. మిగతా యంత్రానికి స్టెప్ చాలు.

భాగాల జాబితా, బోల్టు తారీఖుగా మారడం

డ్రాయింగు ఎంత బాగున్నా ఏమి కొనాలో తెలియకపోతే పని ఆగుతుంది. భాగాల జాబితాను ఎక్సెల్ పట్టికగా ఇవ్వడం వాడుక. ఇందులో ఒక విచిత్రమైన ఉచ్చు ఉంది. బోల్టు పరిమాణాన్ని 3/8 అని రాస్తే ఎక్సెల్ దాన్ని మన దేశపు తేదీ అమరికలో ఆగస్టు 3 గా మార్చేస్తుంది. 007 వంటి భాగం సంఖ్యలో ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఇది వర్క్‌షాపుల సమస్య మాత్రమే కాదు. మార్చ్1, సెప్ట్1 వంటి మానవ జన్యువుల పేర్లు పట్టికల్లో తేదీలుగా మారుతున్నందున జన్యు నామకరణ సంఘం 2020లో ఆ పేర్లనే మార్చుకుంది. బోల్టు పరిమాణాన్ని మార్చడం ఎవరి వల్లా కాదు కనుక ఆ గడిని ముందే పాఠ్యంగా నిర్ణయించడం, 3/8 అంగుళం అని పూర్తిగా రాయడం దారి. జాబితాను సి.ఎస్.వి. రూపంలో యు.టి.ఎఫ్.-8 సంకేతీకరణతో కూడా ఇవ్వాలి. తెలుగు పేర్లున్న సి.ఎస్.వి. ని ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే అక్షరాలు చెడవచ్చు కనుక దాని పి.డి.ఎఫ్. ప్రతి కూడా జత చేయడం మంచిది.

జాబితాలో వర్క్‌షాపు వాడే పేరే ఉండాలి. యాంగిల్, ఫ్లాట్, బుష్, షాఫ్ట్ అన్న మాటలను కృత్రిమంగా అనువదిస్తే అంగట్లో సరుకు దొరకదు. ప్రమాణం ఉన్న చోట ప్రమాణం పేరు చెప్పడం చాలు. ట్రాక్టరు మూడు బిందువుల లింకుకు ఐ.ఎస్.ఓ. 730 ఉంది, దాని ప్రకారం 1వ వర్గంలో కింది లింకు పిన్ను వ్యాసం 22 మి.మీ., 2వ వర్గంలో 28 మి.మీ. గొర్రు ఏ వర్గపు ట్రాక్టరుకు అన్నది రాయకపోతే మిగతా వివరమంతా ఉన్నా గొర్రు తగులుకోదు.

నేల తేమ సెన్సారు, డ్రిప్ నియంత్రణ పరికరం వంటి వాటిలో ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటే మరో జత ఫైళ్లు చేరతాయి. బోర్డు తయారీకి గెర్బర్, రంధ్రాల ఫైలు, చదవడానికి సర్క్యూటు పి.డి.ఎఫ్., మార్చడానికి కైక్యాడ్ వంటి సాఫ్ట్‌వేరు మూల ఫైలు, వాటితో పాటు మైక్రోకంట్రోలరులో నడిచే ప్రోగ్రాము మూలం. గెర్బర్ చరిత్రలో ఇక్కడికి పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. తొలినాటి గెర్బర్ ఫైలులో గీత ఎక్కడ వెళ్లాలో మాత్రమే ఉండేది. గీత వెడల్పు ఎంతన్నది విడిగా మరో జాబితాలో ఉండేది. ఆ జాబితా పోతే ఫైలు నిరుపయోగం. తరువాతి రూపం ఆ సమాచారాన్ని ఫైలులోకే తెచ్చింది, పాతది రద్దయింది. పి.డి.ఎఫ్./ఎ మూడవ భాగం కూడా ఇదే వీలు కల్పిస్తుంది. దానిలో ఇతర ఫైళ్లను ఇమిడ్చవచ్చు. డ్రాయింగు పి.డి.ఎఫ్. లోపలే స్టెప్, డి.ఎక్స్.ఎఫ్., సి.ఎస్.వి. లను పెట్టి ఒకే పొట్లంగా పంపడం సాధ్యం. చేతులు మారే కొద్దీ ఫైళ్లు చెల్లాచెదురయ్యే మన పరిస్థితుల్లో ఈ సౌకర్యాన్ని ఇంతవరకు తగినంతగా వాడుకోలేదనే చెప్పాలి.

హక్కులు

ఫైలు చేతికందినంత మాత్రాన తయారు చేసుకునే అనుమతి ఉన్నట్లు కాదు. ఏమీ రాయకుండా వదిలిన డ్రాయింగుకు కాపీరైట్ వర్తిస్తుంది. జాగ్రత్తపరుడైన తయారీదారు దాన్ని ముట్టుకోడు, తక్కినవారు అడగకుండా వాడుకుంటారు. హార్డ్‌వేరు నమూనాల కోసమే సెర్న్ సంస్థ రూపొందించిన బహిరంగ హార్డ్‌వేరు లైసెన్సు రెండవ వెర్షను 2020లో మూడు రకాలుగా వచ్చింది. సవరణలను కూడా తప్పక పంచాలనేది ఒకటి, ఆ షరతును కొంత సడలించేది మరొకటి, షరతు లేనిది ఇంకొకటి. బహిరంగ హార్డ్‌వేరు నిర్వచనం ప్రకారం, సవరించడానికి అనువైన మూల ఫైలు ఇవ్వకుండా అచ్చుకు సిద్ధమైన మధ్యంతర ఫైలు మాత్రమే ఇస్తే దాన్ని బహిరంగ నమూనా అనలేము. ఫ్రాన్స్‌లోని లాటెలియే పెయిజాన్ అనే సహకార సంస్థ వ్యవసాయ పనిముట్ల ప్రణాళికలను ఉచిత లైసెన్సుతో విడుదల చేసి, రైతులే వాటిని తయారు చేసుకునే శిక్షణ శిబిరాలు నడుపుతున్నది.

పేటెంటు తీసుకోవాలన్న ఉద్దేశం ఉంటే క్రమం మారుతుంది. భారత పేటెంటు చట్టం కింద దరఖాస్తుకు ముందే వివరాలను బహిరంగపరిస్తే, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, నూతనత్వం పోతుంది. కనుక దరఖాస్తు ముందు, ఫైళ్ల విడుదల తరువాత. డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగిన ఆకృతిని నమోదు చేయకుండా పారిశ్రామికంగా 50 సార్లకు మించి తయారు చేస్తే, కాపీరైట్ చట్టం 15వ సెక్షను ప్రకారం ఆ ఆకృతిపై కాపీరైట్ కూడా నిలవదు. కాపీరైట్ లైసెన్సు మీదనే పూర్తిగా ఆధారపడదలచినవారు ఈ సెక్షనును చదివి ఉండడం అవసరం.

విడుదలకు ముందు

తయారైన పొట్లాన్ని దాన్ని తయారు చేసిన కంప్యూటరులో కాక మరో కంప్యూటరులో, వేరే సాఫ్ట్‌వేరుతో, ఆ పనితో సంబంధం లేని విద్యార్థి చేత తెరిపించి చూడడం మొదటి పరీక్ష. స్టెప్ నమూనాలో బేరింగు గూడు వ్యాసం కొలిచి 52 మి.మీ. వస్తున్నదో లేదో చూడాలి. డి.ఎక్స్.ఎఫ్. లో ఒక తెలిసిన పొడవును కొలవాలి. పి.డి.ఎఫ్. ను అచ్చు తీసి పరీక్ష గీతకు స్కేలు ఆనించాలి. సి.ఎస్.వి. ని తెరిచి తెలుగు అక్షరాలు, బోల్టు పరిమాణాలు సరిగా ఉన్నాయో గమనించాలి. గంట పట్టే ఈ పనిని సిద్ధాంత వ్యాసం సమర్పణలో భాగం చేయడం విభాగాల చేతిలో ఉన్న విషయం.

రెండవ పరీక్ష ఖరీదైనది కానీ దానికి ప్రత్యామ్నాయం లేదు. పొట్లాన్ని విశ్వవిద్యాలయంతో పరిచయం లేని ఒక వర్క్‌షాపుకు ఇచ్చి, ఫోనులో ఏమీ చెప్పకుండా, ఒక పనిముట్టు తయారు చేయించాలి. వారు అడిగిన ప్రతి ప్రశ్నా పత్రంలో లేని ఒక వాక్యం. ఆ ప్రశ్నలకు జవాబులు చేర్చి రెండవ వెర్షను విడుదల చేయాలి.

వెర్షను సంఖ్య ఫైలు పేరులో, డ్రాయింగు మూలలో ఉంటే చాలదు. పళ్లెం మీద, రోటరు అంచున, ఫ్రేము మీద కనబడే చోట పనిముట్టు సంకేతం, వెర్షను అక్షరం లోహంలోనే చెక్కించే ఏర్పాటు డి.ఎక్స్.ఎఫ్. లో చేయవచ్చు. దానికి వేరే పొర, సన్నని గీత చాలు. అయిదేళ్ల తరువాత అరిగిన పళ్లెం చేతపట్టుకొని వచ్చిన రైతు దగ్గర బిల్లు ఉండకపోవచ్చు, వర్క్‌షాపు చేతులు మారి ఉండవచ్చు. పళ్లెం మీది అక్షరాలను బట్టి అదే వెర్షను ఫైలు వెతికి, అదే గుంటలతో కొత్తది కోయించవచ్చు.